పెదవికి తెలిసే గాలి

తారు రోడ్డు అటు పక్కన ఉంది.
కార్లలో వచ్చినవాళ్ళు చల్లగా కొండవీడు ఎక్కి
ఫొటోలు దిగి, కొండా దిగి వెళ్ళిపోతారు.
మాది ఇటు, ఫిరంగిపురం దాటాక
కూలిన సున్నపుబట్టీ దగ్గర చీలే దారి.
దారి అని మేమంటున్నాం.
మేకలేమంటాయో అడగలేదు.

నేను మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
ఇరవై ఆరేళ్ళ టిక్కీలు నా చేతిరాతలో ఉన్నాయి:
తేజ, బ్యాడిగ, మచ్చకాయ, తాలు.
వారమంతా తుమ్ముతాను,
ఆదివారం తొక్కుతాను.
తోడు బాజీ. నల్లచెరువు మూడో లైనులో సైకిల్ కొట్టు,
నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద, నాకంటే పదిహేను కిలోలు తక్కువ.
నాది గేర్ల బండి, వాయిదాలింకా నాలుగున్నాయి.
అతనిది వాళ్ళ మామ వాడిన బార్ సైకిలు,
దానికి బెల్లు తప్ప అన్నీ మోగుతాయని అతనే చెబుతాడు.

మొదటి మలుపుదాకా తొక్కుడు.
తర్వాతంతా తోపుడే.
పలుగురాళ్ళు టైరు కింద పళ్ళు నూరుతాయి,
ముందు చక్రం ఒక మాట అంటే
వెనక చక్రం ఇంకో మాట అంటుంది.
వానకు కోసుకుపోయిన గాడిలో
సైకిల్ని భుజానికెత్తుకున్నాను,
అది నన్ను మోస్తుందని కొన్నాను.
ఆకు రాలిన సీతాఫలం పొదల్లో
నల్లగా ఎండిన కాయ ఒకటి
ఎవరికోసమో తెలియకుండా వేలాడుతోంది.

కనుమ నెత్తిన రెండు గుండ్ల మధ్య
గాలి ఒక్కసారిగా ముఖాన కొట్టింది.
అదే క్షణంలో నా టైరులో గాలి పోయింది.
తుమ్మముల్లు. చిటికెన వేలంత.

బాజీ బండి తిరగేశాడు, ట్యూబు లాగాడు,
"నీళ్ళియ్యి" అన్నాడు.
నీళ్ళు లేవు.
రెండో మలుపులోనే తాగేశాను, అతన్ని అడగకుండా.
ఆ సంగతి చెప్పడానికి
కొండ ఎక్కినంతసేపు పట్టింది నాకు.

అతనేమీ అనలేదు.
ట్యూబులోకి పంపు కొట్టి
పెదాల దగ్గర పెట్టుకుని
ఫ్లూటు వాయించబోయేవాడిలా మెల్లగా జరుపుతూ పోయాడు.
"చెవికి దొరకదిది. పెదవికి తెలుస్తుంది."
కింద చర్చి గంట మోగి ఆగింది.
ట్యూబు సగం తిరిగాక కళ్ళు మూసుకున్నాడు.
"ఇదిగో."

గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి
ఆరేదాకా మాట్లాడొద్దన్నాడు.
మాటకీ సొల్యూషన్‌కీ ఏం సంబంధమో తెలియదు,
మాట్లాడలేదు.
అప్పుడు వినిపించింది, ఇద్దరికీ,
నా ఛాతీలోంచి సన్నగా ఒక ఈల.
పోయిన నెల కొత్తపేట డాక్టరు
చల్లటి బిళ్ళ వీపు మీద ఆనించి
పక్కకి తిరిగి ఏదో రాసుకున్నది దీని గురించే.
"నీదెక్కడ పోతోంది, గుమాస్తా?"
నవ్వుతూనే అడిగాడు.
నేను రాయి ఒకటి తీసి లోయలోకి విసిరాను.
అది చాలాసేపు పడుతూనే ఉంది.

అతుకేశాక ట్యూబు నా చేతికిచ్చి
"ఇంకోటుందేమో చూడు" అన్నాడు.
రబ్బరు వాసన, మట్టి, అతని ఎంగిలి తడి.
జరుపుతూ జరుపుతూ పోతే
వాల్వుకి జానెడు దూరంలో
నిద్రపోతున్న పసివాడి ఊపిరంత.
అంతే.
దొరికిందని వెంటనే చెప్పలేదు.
కాసేపు పెదవి మీద ఉంచుకున్నాను.

దిగడం గురించి చెప్పడానికేం లేదు.
రెండు బ్రేకులూ నొక్కిపట్టి, పిరుదులు సీటు వెనక్కి జరిపి,
"రాయిని చూడకు, రాయి పక్కన చూడు" అని
వెనకనుంచి బాజీ అరుస్తుంటే
రాయినే చూస్తూ రెండుసార్లు పడ్డాను.
కోట ఊళ్ళో బోరింగు దగ్గర
ముందతనికి కొట్టాను,
కడుపు నిండి చాలనేదాకా.

సోమవారం.
తాలు టిక్కీ ముప్ఫై ఎనిమిది కిలోలు తూగింది.
ఘాటుకి అందరూ ముక్కులకు తువ్వాళ్ళు కట్టుకున్నారు.
నేను కూడా కట్టుకుంటూ
ఒక్క నిమిషం ఆగి
అరచెయ్యి పెదాల ముందు పెట్టుకున్నాను.
వస్తోంది.
రాసుకున్నాను, ముప్ఫై ఎనిమిది.