మూడు బకెట్ల మంగళవారం

బల్దియా.
ఈ ఒక్క మాటకే మస్కట్ల నాకు తర్జుమా అక్కరపడలే.
కోరుట్లల బల్దియా అంటరు, ఈడ బలదియా అంటరు,
రెండు దిక్కుల మోరీలు తీసుడే.

ఆరేండ్ల సంది వాది కబీర్ల నా పని:
రోడ్డు అంచుకు ఇనుప జాలి లేపుడు,
లోపలి బురద తోడుడు,
పసుపు రంగుల రాసిన నంబరు చూసి
ఫోర్మన్ ఖమీస్ నోటుబుక్కుల ఎక్కిచ్చుడు.
3412. మూడు బకెట్లు. మంగళవారం.
ఆ బుక్కు ఏ అల్మారాల పండుకుంటదో
నేను ఎన్నడు అడుగలే.
జాలి అంటే నాకు ఇనుపదే యాదికొస్తది.

ఎండకాలం రాత్రి, ఏసీ ఆగి అందరం మిద్దె మీదికి ఎక్కినంక
తిరుమలేశు ఫోను నా మొకం మీద వెట్టిండు.
"అన్నా, బల్దియా లెక్కలన్ని బయట వెట్టింది.
ఎవలైన చూడొచ్చు, ఎవలైన దించుకోవచ్చు.
పైసలు లెవ్వు, దరఖాస్తు లేదు, సలాం కొట్టుడు లేదు."
అష్టాచెమ్మ పటం లెక్క గడులు, గడులు.
ఏలుతోని జరుపుకుంట పోతాంటె
ఒక తాన ఆగింది: 3412. మూడు. మంగళవారం.
పేరు లేదు నాది.
అయినా ఆ మంగళవారం నాదే.
ఆ దినం ఎడమ చెయ్యి గీసుకపోయింది, ఇంక మచ్చ ఉన్నది.

వాన పడ్డప్పుడల్లా ఈడ ఒకటే మాట:
క్యాంపోళ్లు అన్నం పారబోస్తరు, మోరీలు నిండుతయి.
మేము తలకాయలు వంచుకునేది.
మిగిలిన బువ్వ పొద్దుగాల పులుసు పోసుకొని తినేటోళ్లం,
పారబోసేదెక్కడిది?

జువైనా అని బడి పంతులమ్మ
ఎనిమిదో తరగతి పిల్లలతోని ఒక పని చేయించింది.
నీళ్లు నిలిచిన తావులు ఒక శాఖ పట్టికల,
బురద బకెట్లు ఇంకో శాఖ పట్టికల.
రెండు శాఖలది ఒకటే బిల్డింగు, ఒకటే లిఫ్టు,
ఒకల మొకం ఒకలు ఎరుగరట.
పిల్లలు రెండింటిని పక్కపక్క వెట్టిన్రు.
రంజాన్ నెలల రాళ్లు కోసే యార్డు సగం పూట మూత,
మా పొయ్యి మాత్రం ఎప్పటి లెక్కనే,
బురద సగానికి వడిపోయింది.
అన్నం కాదు. తెల్లటి రాతిపిండి.

నాకు ఎరుకే.
ఆరేండ్ల సంది నా గోర్ల సందుల ఉన్నది ఆ తెలుపు.
కాని నా నోటి మాటకు గడి లేకుండె.

యార్డుకు నోటీసు పోయింది, పిండి ఆపే తొట్టి కట్టిన్రు.
బల్దియా ఇంజనీరు పంతులమ్మకు ఫోన్ చేసి
"ఈ లెక్క మా దగ్గరనే ఉండె, మాకే కనవడలే" అన్నడట.
పెద్దమనిషి, ఒప్పుకున్నడు.
అక్టోబరు వానకు 3412 కాడ చీలమండ దాక నీళ్లొచ్చి
గుటగుట దిగిపోయినయి.
ఎదురుంగ దుకాణం బలూచి ముసలాయన
ఈసారి చక్కెర బస్తాలు మెట్లెక్కియ్యలే.

తిరుమలేశు ఊకున్నడా?
పటం పెద్దగ చేసి చూసిండు. మా క్యాంపు ఎనుక
ఏడు జాలీలు అసలు లెవ్వు.
ఆ తావంత బూడిద రంగు, మనుషులు లేనట్టు.
ఫోటోలు తీసి పంపిండు.
మూడు వారాలు ఉలుకు లేదు, పలుకు లేదు.
నాలుగో వారం ఒకడు పసుపు రంగు డబ్బ వట్టుకొని వచ్చిండు.
3977 కాడికెళ్లి 3983 దాక.
పిల్ల పుట్టినట్టు అందరికీ చాయ్ పోసినం.

జీతం ఏ తారీకు వడుతదో ఆ పట్టికల లేదు.
ఏసీ ఎన్నడు బాగైతదో లేదు.
తెరిచింది ఒక్క తలుపు, ఇల్లంత కాదు.

అయినా నా రాత మారింది.
ఊకె 'బురద' అని రాస్తలేను.
తెల్లది, నల్లది, ఆకులు,
ఒక చెప్పు, చిన్నపిల్లది, ఎడమకాలుది.
"ఇన్ని మాటలెందుకు?" ఖమీస్ నవ్వుతడు.
ఎవలో ఒకలు సదువుతరు, అంటి.

నిన్న ఫోన్‌ల మా చెల్లె ఎల్లుబాయిని అడిగిన,
"మన వార్డుల మోరీ జాలీలు ఎన్నున్నయే?"
"నాకేం ఎరుక, బల్దియాల అడుగాలె."
"అయితే అడుగు."