పీకేసిన గీత

టార్టూలో మార్చి నెల. ఎమయొగి నది మీద మంచు
కరగాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.
మూడో అంతస్తులో హిల్యా ఒక వాక్యం టైపు చేసి
మధ్యలో ఒక నిలువు గీత దించుతుంది.
కర్సర్ ఇక్కడుంది అనుకో, అని.

అనుకోవడమే. పరీక్ష మొదలవగానే
గీతను పీకేయాలి,
పీకిన చోటు మాత్రం మరిచిపోకూడదు.
ఊడిన పన్ను సందులోకి నాలుక
అడక్కుండానే వెళ్ళినట్టు
ప్రోగ్రాము అక్కడికి వెళ్ళాలి.
ముందున్నవెన్నో లెక్కపెట్టి, ఆ అంకె గుప్పిట్లో మూసి,
గీత లేని వాక్యాన్ని ప్లగిన్ చేతికివ్వాలి.
అది చెరపాల్సింది చెరిపి, అతకాల్సింది అతికాక
మళ్ళీ గీత గీసి చూడాలి:
అనుకున్న చోటేనా, పక్కింటి గుమ్మమా?

రెండు గీతలుంటే మధ్యది ఎంపికైన ముక్క.
సరే. మరి రాసినవాడి వాక్యంలోనే గీత ఉంటే?
దాని ముందు ఏటవాలు గీతను కాపలా పెట్టింది.
"కాపలావాడికి కాపలా ఎవరు?" అన్నాడు రైవో.
దానికీ ఇంకో ఏటవాలు గీత. నవ్వుకున్నారు.

రైవోకి చూపు లేదు.
కీబోర్డు కింద బ్రెయిలీ పట్టీ,
అక్షరం పాదాల దగ్గర రెండు చుక్కలు లేస్తే
అదే అతని కర్సర్.

"పరీక్షలన్నీ పచ్చగా ఉన్నాయి," అంది హిల్యా.
"నీ పచ్చ నాకెందుకు?
'యొగి' అని కొట్టాను. చుక్కలు ఒక గది అవతల లేచాయి."

యొగి అంటే నది. అందులో ఒక అచ్చు ఉంది,
నెత్తిన చిన్న అల మోస్తుంది.
నోటికి ఒకటే, వేలికి ఒకటే,
యంత్రానికి రెండు బైట్లు.
అక్షరాలు లెక్కపెడుతున్నాననుకుని
ఇన్నాళ్ళూ ఆమె బైట్లు లెక్కపెట్టింది.
నూట నలభై పరీక్షలు, అన్నీ ఇంగ్లీషు మాటలే.
కిటికీలోంచి కనిపించే నది
ఒక్కదాంట్లోనూ లేదు.

ఆమె ఏమీ అనలేదు. కాఫీ చల్లారింది.
నూట నలభై ఒకటోది రాసింది: అల తర్వాత గీత.
ఎరుపు.
లెక్క మార్చింది. పచ్చ.
"ఇప్పుడు చూడు."

రైవో వేలు మెల్లగా జరిగింది, ఆగింది.
"ఊఁ. వాక్యం అయిపోయాక కూడా పెట్టి చూడు,
ఏ అక్షరమూ లేని చోట."

పెట్టింది.
ఖాళీ గది.
దాని కింద రెండు చుక్కలు లేచాయి.