ఊ

కంపెనీ గేటు కాడ బోర్డు:
ప్రమాదం లేని రోజులు నాలుగు వందల పన్నెండు.
గేటు బయట పడ్డోళ్లు ఆ లెక్కల రారు.

రిలీవర్ రాలేదని సైదులును మళ్ల ఆపిండ్రు,
రాత్రి మీద పగలు, పగటి మీద ఇంకో రాత్రి.
పొద్దుగాల ఆరింటికి బయటికొచ్చిండు,
ముక్కు మీద మాస్కు కోసిన గీత.
హెల్మెట్‌కు రియాక్టర్ వాసన పట్టింది,
పెట్టుకుంటె కక్కొస్తదని నా ఒళ్లె పెట్టిండు.

నాది ప్యాకింగు. గోళీల అట్టలు డబ్బలల్ల పెట్టుడు.
ఆడికెల్లి ఇంటిదాంక ఇంకో డ్యూటీ:
తమ్ముని వెనుక కూసోని కథ చెప్పుడు.
వాడు ఊ కొట్టాలె.
చిన్నప్పుడు వాన్ని పండబెట్టేటందుకు చెప్పిన కథనే,
ముసల్దాని మేక గుట్టెక్కి దిగనని మొండికేసిన కథ,
ఇప్పుడు పండకుండ చెప్తున్న.

పంతంగి టోలు. మేక గుట్టెక్కింది.
ఊ.
గుండ్రాంపల్లి. గడ్డి చూపెట్టినా దిగలె.
ఊ.
ఎదురుంగ ఎండ, కండ్లల్ల ఇసుక పోసినట్టు.
ఊ ఆగితె నడుముల పొడవాలె, అది మా ఒప్పందం.

వెలిమినేడు దాటినంక ఊ ఆగలె.
నేను గుటక మింగినా ఊ,
ముసల్ది సచ్చిపోయిందన్నా ఊ.
"ఒరేయ్, మేక ఏమన్నదిరా?"
ఊ.
రాత్రంతా నా చేతులు అట్టలను పట్టినట్టే
వాని నోరు దానంతటది పనిచేస్తున్నది,
మనిషి ఎప్పుడో పండుకున్నడు.

ముందట లారీ. ఆగి ఉన్నది, వెనుక లైటు లేదు.
దిష్టికి కట్టిన చెప్పు ఊగుతున్నది,
దాని కుట్లు గూడ కనపడ్డయి.

భుజం ఎంత గట్టిగ కొరికిన్నో యాది లేదు.
బండి మట్టిల దిగి సర్కారు కంపల ఆగింది.
ఇంజను టిక్కుటిక్కుమని చల్లారుతున్నది.
చాలసేపు మేం మాట్లాడలె.
చూస్తె హెల్మెట్‌ను నేను
ఎవరి పసిపిల్లనో పట్టుకున్నట్టు రెండు చేతుల పట్టుకున్న.

"ఏమైందక్కా?" అన్నడు.
చెప్పేలోపల వాని జేబుల ఫోను.
సూపర్‌వైజరు. చెవి కాడ పెట్టుకున్నా బయటికి ఇనపడే గొంతు:
ఈ రాత్రి గూడ రావాలె, మనుషులు తక్కువున్నరు.

రోడ్డు దిక్కు చూస్తనే
ఊ, అన్నడు.

అది ఏ ఊనో
మొకం చూసినా నాకు తెల్వలె.
రాయి మీద రాసున్నది,
చిట్యాల ఇంక ఎనిమిది కిలోమీటర్లు.