పదిహేడో పేజీ

సిరొంచ కాలేజీ గేటుకు ఎదురుంగ నా జిరాక్సు మిషను.
పేజీకి రూపాయి, రెండు పక్కలైతే రూపాయిన్నర.
నేను పన్నెండు ఫేలు.
అయినా బీయెస్సీ రెండో ఏడు సిలబసు మొత్తం
ఏటా నా చేతుల మీదికెల్లే వెచ్చగ పోతది.

పరీక్షకు ముందటి రాత్రి అందరు వస్తరు
తలలు వంచుకొని.
భక్తి అనుకునేరు,
అరచేతిల వెలుగుకు వంచిన తలలవి.
"అక్కా, కెమిస్ట్రీ నోట్సు ఒక సెట్టు" అంటరు,
నా మొకం చూడరు.
చిల్లర తీసుకునుడు మరుస్తరు.
ఆ పైసల కోసం ఒక హార్లిక్సు సీసా పెట్టిన.

రాంటెంకోళ్ళ ఓదెలు కూడ అసొంటోడే.
వాని బొటనవేలు కొస నున్నగ అరిగింది
తునికాకు కట్టలు కట్టే వాళ్ళమ్మ వేలు లెక్క.
ఆమెకు కట్టకింత అని ఇస్తరు.
వీనికి ఎవరేమిస్తరో నేనడగలె.

ఇంట్ల తెలుగు. బడిల మరాఠీ.
పరీక్ష కాయితం ఇంగ్లీషు.
ఏ భాషల నోరు తెరిచినా ఎవరో ఒకరు నవ్వుతరు వాన్ని.
ఫోన్ల మాట్లాడే పని లేదు.
పొద్దుగూకంగ ప్రాణహిత వంతెన మీద
గాలికి అంగీ ఎగురుతుంటే
ఊకె నిలబడ్డడు, ఇరవై సెకండ్లు.
నలభై వేల మంది చూసిన్రు.
మా ఊర్లె అంతమంది లేరు.

బోర్కుటే సారు హాజరు పట్టిక జిరాక్సుకు తెచ్చి
ఒకసారి అడిగిండు:
"నీ దగ్గరికి వచ్చినంత నా క్లాసుకు రారెందుకు, తాయీ?"
"నేను ప్రశ్నలడగ గద, సారూ" అన్న.
ఆయన నవ్వలె.

ఇగ అసలు సంగతి.
మొన్నటి ఎండకాలం, ఆ ఆఖరి రాత్రి
కుడిచెయ్యి మిషను మీద, ఎడమ చేతిల నా ఫోను.
వంతెన మీద ఓదెలు. అంగీ ఎగిరింది.
మల్ల చూసిన. మల్ల ఎగిరింది.
ఆ రెండు ఎగురుళ్ళ నడుమ
పదిహేడో పేజీ అద్దం ఎక్కకుండనే పక్కకు జారిపోయింది.

నలభై మూడు సెట్లు అమ్మిన.
పదహారు తర్వాత పద్దెనిమిది.
తెల్లారి ఆ పేజీలకెల్లే పది మార్కుల ప్రశ్న వచ్చిందట.
కొట్లాటకు వస్తరని షట్టరు సగం దించి కూసున్న.
పొద్దంత ఒక్కరు రాలె.
చదివితే గద, లేనిది తెలిసేది.
భయం పోయింది. దాని జాగల
ఇంకేందో వచ్చి కూసున్నది కడుపుల.

నాలుగో నాడు మాపటికి ఓదెలు వచ్చిండు.
జేబుల ఫోను మోగుతనే ఉన్నది, తియ్యలె.
నోట్సు బల్ల మీద పెట్టిండు.
అంచులు నలిగినయ్, ఒకకాడ చాయ మరక,
ఇంగ్లీషు మాటల నెత్తిన
పెన్సిలుతోని చీమలసొంటి తెలుగు అచ్చరాలు.
"అక్కా, పదిహేడు లేదు."
"పరీక్ష అయిపాయె గదరా?"
"అయిపాయె. పదహారుల మొదలైన రియాక్షను
ఎటు పోయిందో చూద్దామని."

నిన్ను చూసుకుంటనే నీ పేజీ పోగొట్టిన్రా
అన్న మాట పండ్లదాంక వచ్చి ఆగింది.
మిషను వెలిగించిన.
పచ్చటి వెలుగు ఈ కొసనుంచి ఆ కొసకు పోయింది.
రూపాయి వద్దన్న. బల్ల మీదనే ఇడిసిపెట్టి
వెచ్చటి కాయితం చదువుకుంట రోడ్డు దాటిండు,
లారీవాడు హారను కొట్టినా తల ఎత్తకుండ.

రిజల్టు వచ్చింది.
ఓదెలుకు ఏటీకేటీ.
ఫేలయి కూడ పై తరగతిల కూసునుడన్నట్టు.
కెమిస్ట్రీల తొమ్మిది మార్కులు తక్కువ.

తొమ్మిది.

వాని రూపాయి సీసలెయ్యలె నేను.
మిషను మూత మీద పెట్టిన.
మూత లేపినప్పుడల్ల జారి కింద పడతది,
వంగి తీసి మల్ల పెడత.