పాత నంబరు, కొత్త నంబరు

కంపెనీ వాళ్ళిచ్చిన కాగితం మీద
మేడమ్ పేరు హే రన్ అని ఉంది.
కీల్పాక్‌లో ఇల్లు.
పాత నంబరు పద్నాలుగు, కొత్త నంబరు ముప్పై ఏడు.
మొదటిరోజు గేటు ముందు నిలబడి
రెండంకెల మీదా వేలు పెట్టి
ఇందులో ఇల్లేది అని సైగ చేసింది.
రెండూ అన్నాను.
నమ్మలేదు.

నాది తడకి ఇవతల ఒక ఊరు.
సరిహద్దు దాటితే చాలు
మన గుండ్రటి అక్షరాలకి మూలలు మొలుస్తాయి.
పదకొండేళ్ళుగా చెన్నైలో స్టీరింగ్ పట్టాను గాని
బస్సు నంబర్లు తప్ప బోర్డులు చదవలేను.
ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.
దారి చదవలేనివాడి బండి
ఎవరు ఎక్కుతారు?

మా మధ్య ఉన్న భాష
నాలుగు అరవం మాటలు, ఆరు ఇంగ్లీషు మాటలు,
ఒక అద్దం.
'పోదుం' అంటే చాలు, ఆపమని.
'ఓకే' అంటే ఏదైనా కావచ్చు.
తలకాయతోనే వచ్చింది తంటా.
నేను సరేనని ఊపితే
ఆమెకది కుదరదన్నట్టు కనపడేదట.
మూడు వారాలు నన్ను
దేనికీ ఒప్పుకోని మొండి మస్తానయ్యనే అనుకుంది.

ఒళ్ళో ఎప్పుడూ ఒక నోటుబుక్కు.
అందులో ఊరంతా గీసుకునేది.
గేదె పడుకునే మలుపు,
ఇస్త్రీ బండి, బొగ్గుల వాసన,
మధ్యాహ్నం మూడింటికి నీడ పడే చర్చి గోడ.
పక్కన వాళ్ళ రాత.
గీతలు, గీతల కింద సున్నాలు.
ఆ సున్నాలు చూసి
ఎక్కడో చుట్టరికం ఉందనుకున్నాను.

మల్లెపూలు మూర ఇరవై.
పూలమ్మి మోచేతికి మూర,
మేడమ్ మోచేతికి ముప్పావే.
మళ్ళీ కొలిచింది. మళ్ళీ ముప్పావే.
పూలమ్మి నవ్వి ఇంకో జానెడు తెంపిచ్చింది.
ఆ జానెడు నా స్టీరింగ్ కొయ్యకి కట్టింది మేడమ్,
తలలో ఎలా పెట్టుకోవాలో తెలీక.

కార్తీకం వానలకి
గెంగురెడ్డి సబ్‌వేలో నీళ్ళు బండి పొట్ట దాకా వచ్చాయి.
ఎవరీ రెడ్డి అంది, బోర్డు చూసి.
మావాడే అన్నాను.
ఎవరో నాకూ తెలీదు.
చెప్పులు చేత్తో పట్టుకుని దిగిపోయింది
వెనక నుంచి బండి నెట్టడానికి.

చింతాద్రిపేట చేపల బజారు నేను చూపించింది కాదు.
కిటికీ దించి, వాసన పట్టి,
పోదుం పోదుం అంటూ తనే ఆపించింది.
ఎండు నెత్తళ్ళ గోనె ముందు
గొంతుక్కూచుంది.
ఒకటి తీసింది.
బొటనవేలితో తల తుంచింది,
గోటితో పొట్ట చీల్చి నల్లటి నరం లాగి పారేసింది.
ఇంకోటి. ఇంకోటి.
మా అమ్మ చేయి అది.
పులుసుకి ముందు అరుగు మీద
చేట ముందేసుకుని, కాకిని అదిలిస్తూ.
ఎవరు నేర్పారని అడగడానికి
మా పది మాటల్లో ఆ మాట లేదు.
అమ్మేవాడు ధర చెప్పాడు.
నేను బేరమాడాను, అవసరానికి మించి గట్టిగా.
ఇంటి దాకా కారు నిండా నెత్తళ్ళ వాసన.
ఇద్దరం కిటికీలు దించలేదు.

నిన్న మెట్రో పని కోసం
పురసవాక్కం దగ్గర రోడ్డు మూసేశారు.
రేకుల మీద పచ్చబోర్డు, తెల్లక్షరాలు.
నేను చదువుతున్నట్టు నటించాను.
వెనక సీట్లోంచి ముందుకు వంగి
పసిపిల్లలా కూడబలుక్కుంటూ
'వ... ల... దు' అంది.
బ్రేకు తొక్కాను.
వెనక ఇరవై హారన్లు.
వద్దంటే ఆగాలి కదా!
మళ్ళీ చదివింది, ఈసారి ఆపకుండా.
వేలు కుడివైపు చూపించింది.
అరవంలో కుడిని అలా అంటారని
పదకొండేళ్ళుగా వింటూనే ఉన్నాను.
ఆమె నోట మాత్రం
మా ఊరి మాటలా వినపడింది.

కుడికి తిప్పాను.
నేనెప్పుడూ రాని వీధి.
ఆమె అప్పటికే నోటుబుక్కు తెరిచింది.