ఎనిమిది గంటల రీడింగు

పొద్దుగాల ఎనిమిదింటికి
ప్రాణహిత ఎంత ఉన్నదో చూసి రాసుడు నా కొలువు.
నూటొక్క మీటర్ల నలభై, అని రాస్త.
కింద సంతకం: జాడి రాజబాపు, సిరొంచ.
వైర్‌లెస్‌ల చెప్త. అవతల ఎవరో
మరాఠీల "ఠీక్" అంటడు.
ఇరవై రెండేండ్లు గంతే నా ముచ్చట.

ఆ ఎండకాలం నది బొక్కలు తేలింది.
ఇసుక లారీకి తవ్వుతుంటే పారకు ఏదో ఖంగుమన్నది.
రాక్షసబల్లి ఎముక కావచ్చు అనుకున్నరు.
మా దిక్కు అది వింత గాదు,
వడదం పోరగాండ్లు గసొంటి రాతి ఎముకల మీద కూసోని
బీడీలు కాలుస్తరు.

ఎముక గాదు.
తాటిచెట్టంత కంబం, నిట్టనిలువు,
కిందికి ఎంత పోయిందో అంతు లేదు.
మే నెల ఎండల ముట్టుకుంటే కొత్తకుండ లెక్క చల్లగ.
వానకాలం వరద దాన్ని తడపలె,
రెండు పాయలై పక్క నుంచి పోయింది.
ఇంకొకటి నేనే ముందుగాల చూసిన:
దానికి నీడ పడది.

నాగపూర్ కెల్లి వచ్చిండ్రు, పుణె కెల్లి వచ్చిండ్రు,
హెలికాప్టర్ల ఇంకెక్కడికెల్లో వచ్చిండ్రు.
ఆయుధమన్నడు ఒకడు.
కాదు, సమాధి అన్నడు ఇంకొకడు.
అహేరి నుంచి ఒక ముసలాయన వచ్చి
నిమ్మకాయ పెట్టి, ఏం అనకుంట పోయిండు.

దాని ఒంటి మీద గీతలు.
పదమూడు చిన్నయి, ఒకటి పెద్దది, మళ్ల పదమూడు.
వాళ్లకు వేళ్లెన్నో గని
నాకు రాని లిపి గాదది.
"సారూ, ఇది గేజి" అన్న.
ఎవలు నవ్వలె. ఎవలు వినలె గూడ.

విన్నది తలండి జైవంత ఒక్కతే,
తునికాకు కల్లంల కట్టలు లెక్కపెట్టే పిల్ల.
"దేని మట్టం కాకా?"
తెల్వది బిడ్డా.
రాసెటోడు రిజిస్టర్ మూయకుంట పోయిండు, అంతే తెలుసు.

ఆ కంబం చలిని చూసి నేర్చుకున్నరట ఓడలు కట్టుడు.
నాకు అర్థం కాలె, అయినా ఎగిరినయి.
మూడో ఓడల జైవంత పోయింది,
తొవ్వ చూపెట్టే కొలువు.
ఆమె మాట ఒకటి ఈడికి చేరేసరికి
ప్రాణహితల నాలుగు వరదలు వచ్చి పోతయి.

"కాకా, ప్రతి సూర్యుని కాడ ఒక కంబం నాటి ఉన్నది.
మొదటిదానికి మూడు గీతల దాక నల్లగున్నది.
అవతలిదానికి సగం.
ఇప్పుడు మేమున్న కాడ కొస ఒక్కటే కనపడుతున్నది.
ఈడ చుక్కలు లేవు.
ఇది ఎక్కుతున్నదా, దిగుతున్నదా?"

గంత పెద్ద ఓడ,
అందరు గంత చదువుకున్నోళ్లు,
రిటైరైన గేజి మనిషిని అడుగుతున్నది.
రాత్రంత నిద్ర పట్టలె. తెల్లారి చెప్పిన:
ఒక్క రీడింగుతోని వరద తెల్వది బిడ్డా.
నల్లగీత మీద మరక ఉన్నదా చూడు.
మరక ఉంటే దిగుతున్నట్టు.
మరక లేకుంట, అంచున నురుగు, పుల్లలు, చీమల ఉండలు కనపడితే
జల్ది ఒడ్డెక్కు.
చీమల సంగతి ఎందుకు చెప్పిన్నో,
ఆడ చీమలెక్కడియి.

జవాబు ఇంక రాలె.
రెండు వరదలైనయి.
నా పాత రిజిస్టర్‌ల నేనే ఇంకొక గడి గీసుకున్న,
రోజు ఎనిమిదింటికి కంబం కాడికి పోయి
సున్న అని రాస్త.
మోకాళ్లు నొస్తయి, ఇసుకల నడుసుడు కష్టం.

ఈ పొద్దు
కంబం మొదట్ల, అడుగు గీత కాడ,
వేలంత నీడ.
ఎండ ఎటున్నదో చూసిన. నీడ ఆ దిక్కే ఉన్నది.
వంగి, తుడిచి చూసిన. పోలె.
మరక కోసం ఎతికిన, కండ్లద్దాలు రెండుసార్లు తుడుసుకొని.

రాసిన: నీడ, ఒక గీత.
సంతకం పెట్టి వైర్‌లెస్‌ల చెప్పిన.
ఇప్పుడు అవతల మనిషి లేడు, మిషన్ ఉన్నది.
జర సేపు ఏం అనలె.
తర్వాత "ఠీక్" అన్నది.