నాలుగు డిగ్రీలు

దేవరకొండ జూనియర్ కాలేజీల
ఫిజిక్స్ ల్యాబుకు అటెండర్ని నేను.
చదివింది ఏడు. చూసింది మాత్రం
ఇరవై రెండేండ్ల ఇంటర్ ఫస్టియర్.

మిర్యాలగూడ రైసుమిల్లుల పాడైన బేరింగుల నుంచి
ఏరుకొచ్చిన రెండు ఉక్కుగుండ్లు
ఇంగువ డబ్బాల దూది నడుమ పండుకొని ఉంటయి.
తూకమేస్తే రెండూ పదహారు గ్రాములే.
కవలలు కూడ అంత సక్కగ తూగరు.

బల్ల అంచుకు వంచి బిగించిన కర్టెను పట్టీ,
దాని మూతికాడ మొల మీద ఒక గుండు
కొంచెం పక్కకు.
నిండా ఎదురుంగ పెడితే
వచ్చింది ఆగుతది, ఉన్నది పోతది,
అది సోమవారం పాఠం.
ఇయ్యాల తగిలీ తగలనట్టు తగలాలె,
బస్సుల భుజం తగిలినట్టు.

నేల మీద తెల్ల డ్రాయింగు షీటు,
దాని మీద కార్బన్ పేపరు, నల్లముఖం కిందికి.
ఇప్పుడు దుకాండ్ల దొరకవు ఇవి.
రిజిస్ట్రాఫీసు ముంగట దస్తావేజులు రాసే
చెన్నకేశవులు కాడ వాడినయే అడుక్కొస్త.
"సైన్సుకా, తీస్కపో" అంటడు,
చాయ పైసలు నాయే.

నుజ్‌హత్ మేడం నల్గొండ బస్సు దిగొచ్చి
చున్నీ కొస నడుముకు చెక్కి
"ఎవరు వదుల్తరు?" అన్నది.
కేతావత్ మంజుల లేచింది.
గుండును రెండు వేళ్ళ నడుమ పట్టిన తీరు చూస్తేనే తెల్సింది,
సాళ్ళల్ల పత్తిగింజ వదిలిన చెయ్యి అది.

జర్రున దిగింది.
టక్.
ఇగ ఒక రెప్పంత సేపు
రెండూ గాలిలనే ఉన్నయి
ఎవరిది ఏ దారో తెలవకుండ.
ఒక్కసారే పడ్డయి నేల మీద.
ఒకటి బీరువా కిందికి దొర్లింది,
తీసేది నేనే గద.

కార్బన్ ఎత్తితే
తెల్లకాయితం మీద రెండు నల్లచుక్కలు.
దారానికి కట్టిన నట్టు నిలిచిన కాడి నుంచి
మేడం రెండు గీతలు గీసింది.
పొద్దుగాల అడ్డం లేకుండ వదిలిన గుండు చుక్కకు మూడోది.
"ఈ రెండిటినీ కలిపితే మూడోదే.
ఎటు పోయినా, రాంగ తెచ్చింది పోదు."

పర్వతాలు కోణమానిని పెట్టి
"తొంభై రావాలె గద మేడం, ఎనభై ఆరే ఉన్నది."
"మరి నాలుగు ఎటు పోయినయి?"
గాలిల, అన్నడొకడు.
మొల కదిలింది, అన్నదొకామె.
"చప్పుడు విన్నరు గద," అన్నది మేడం,
"టక్ అనేది ఉత్తగ రాదు.
కొంత అందుల పోయింది."

బెల్లు కొట్టినంక కార్బన్ను కిటికీకి ఎత్తి
మంజుల కూడబలుక్కుంట చదువుతున్నది,
"హద్దులు: తూర్పుకు వాగు, పడమటికి బండ్ల బాట,
దక్షిణానికి ఊశయ్య వాటా... కాకా, నీ పేరే!"
"ఆ పేరు ఇంటికొకరికి ఉంటది బిడ్డా" అన్న.
చుక్క పడ్డ కాడ వాగు అనే మాటకు బొక్క పడ్డది.

మా అన్న ఇప్పుడు భీవండిల మగ్గాల కాడ.
మేం కొట్టుకోలే.
పాలోళ్ళు అనుకున్నట్టు బావి కోసం కూడ కాదు.
అమ్మ దవఖాన లెక్క చెప్పేటప్పుడు
నేను ఒక మాటన్న.
నిండ తగల్లే. పక్కకు తగిలింది.
ఆయన తలకాయ ఊపి సంతకం పెట్టిండు.

ల్యాబు ఖాళీ అయినంక
బోర్ల పండుకొని బీరువా కింద చెయ్యి పెట్టిన.
బూజు, సుద్దముక్క, పోయినేటి పెన్ను మూత,
ఆ వెనుక గుండు.
తుడిచి మళ్ళ తూకమేసిన. పదహారే.

డబ్బాల పెట్టేముందర
రెండిటినీ చెవి కాడికి తెచ్చి
మెల్లగ తగిలిచ్చి చూసిన.

టక్.

ఇంతేనా.
ఇంత చిన్న చప్పుడా.